తాళంచెవి లేని ట్రక్కు

"ట్రక్కు మీదే!"

ఫోన్‌లో వేలం ఆఫీసర్ మాట పూర్తికాకముందే ఆమె లాడ్జి మంచం మీద ఎగిరి గంతేస్తుంది. మంచం కిర్రుమంటుంది.

"మెల్లగా! పక్కగదివాళ్లు ఏమనుకుంటారే?" భర్త నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"కొత్తగా పెళ్లైనవాళ్లు, ఇంకేమనుకుంటారు బావా!"

మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన ట్రక్కు. ముదురాకుపచ్చ రంగు. ఆమె భుజాల ఎత్తు చక్రాలు! దారిలో ఆగిపోయిన లారీలను లాక్కొచ్చే బండిగా దాన్ని మార్చాలని మెకానిక్ భర్త ఎన్నాళ్లుగానో కంటున్న కల.

మధ్యాహ్నానికల్లా యార్డులో ఉన్నారు.

"తాళంచెవి ఏదీ?" ఆమె అడుగుతుంది.

"దీనికి ఉండదు. యుద్ధం మధ్యలో తాళంచెవి వెతుక్కుంటూ కూర్చుంటారా? ఈ బటన్ నొక్కడమే."

"ఎవడైనా ఎత్తుకుపోతేనో?"

"ఇంత కొండని ఎవడెత్తుకుపోతాడే!"

ఇంటికి దూరప్రయాణం. బండేమో యాభై దాటదు. అయినా ఆమెకి ప్రతీదీ సంబరమే. హారన్ కొడితే పొలాల్లో కొంగలు లేస్తున్నాయి. ఎదురొచ్చే కార్లు పక్కకి తప్పుకుంటున్నాయి. తనే మహారాణి అయినట్టుంది!

ఎండ తగ్గేసరికి నిద్ర ముంచుకొస్తుంది. వెనక టార్పాలిన్ కింద కొత్త పరుపు పరిచి ఉంది. అక్కడికెళ్లి వాలిపోతుంది. ఫోన్లు రెండూ ముందు కేబిన్‌లో ఛార్జింగ్‌కి పెట్టి ఉన్నాయి.

ట్రక్కు ఆగుతుంది. పెట్రోల్ బంకు.

ఇంజిన్ మాత్రం ఆగదు. ఆపేస్తే ఈ ముసలి బండికి బ్రేకుల్లో గాలి దిగిపోతుంది. మళ్లీ నిండేదాకా కదలదు. అందుకే భర్త ఇంజిన్ ఆపకుండానే దిగుతాడు.

"టీ తెస్తానే!"

"అల్లం వేయించు!"

కాసేపటికి ట్రక్కు కదులుతుంది.

"నా టీ ఏదీ బావా?"



కర్ర్ర్‌ర్...! గేరు అరుస్తుంది.

ఆమె దిగ్గున లేచి కూర్చుంటుంది. బావ గేరు ఇలా వెయ్యడు. బండికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు వేస్తాడు.

టార్పాలిన్ పక్కకి లాగి వెనక్కి చూస్తుంది.

రోడ్డు మధ్యలో ఒక మనిషి పరిగెడుతున్నాడు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. వాటిని పడేయాలన్న ధ్యాస కూడా లేదు!

బావ!

మరి... నడుపుతున్నదెవరు?

మోకాళ్ల మీద ముందుకి పాకుతుంది. కేబిన్ వెనక చిన్న అద్దం. అందులోంచి ఒక మెడ కనిపిస్తుంది. లావుపాటి మెడ. నల్ల టోపీ. ఒళ్లో పిస్తోలు!

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

టోపీవాడు ఫోన్‌లో అరుస్తున్నాడు. "అన్నా, బండి దొరికింది! మిలిటరీది! చెక్‌పోస్టుల్లో కార్ల డిక్కీలు విప్పి చూస్తున్నారు గానీ, దీన్నెవడు ఆపుతాడు? రేపు డాక్టరమ్మని ఇందులోనే దాటించేద్దాం!"

డాక్టరమ్మ! పొద్దున లాడ్జి టీవీలో చూసిన ముఖం. క్లినిక్ ముందే ఎత్తుకుపోయారట... పోలీసులు ఊళ్లన్నీ గాలిస్తున్నారట...

చెక్‌పోస్ట్!

గేటు దగ్గర కానిస్టేబుల్ ట్రక్కు రంగు చూస్తాడు. గేటు ఎత్తుతాడు. సెల్యూట్ కొడతాడు!

"ఆపండి! బాబ్బాబూ, ఆపండి!"

ఇంజిన్ రొద ఆమె గొంతుని మింగేస్తుంది. టార్పాలిన్ సందులోంచి చెయ్యి ఊపేసరికి కానిస్టేబుల్ వీపు తిప్పేశాడు.

ఘాట్ రోడ్డు. పల్చగా చీకటి పడుతోంది.

అప్పుడు... ముందు కేబిన్‌లో భర్త ఫోన్ మోగుతుంది.

టోపీవాడు విసుగ్గా దాని మీద వేలు గీస్తాడు. కట్ కాలేదు. స్పీకర్ ఆన్ అయింది! అత్తయ్య గొంతు ఖంగుమంటుంది.

"ఏరా, కోడలు పిల్ల ఇంకా వెనకాలే పడుకుందా? చలిగాలి! దుప్పటన్నా కప్పావా, నీ బండి మోజులో దాన్ని మర్చిపోయావా?"

అయ్యో అత్తయ్యా...!

మెడ మెల్లగా వెనక్కి తిరుగుతుంది.

అద్దంలో రెండు కళ్లు. సరిగ్గా ఆమె కళ్లలోకి!

"అన్నా..." వాడు తన ఫోన్ మళ్లీ అందుకుంటాడు. "వెనకాల ఒక పిల్ల ఉంది. అంతా వినేసింది... సరే. నే చూసుకుంటాలే."

ధన్!

అద్దం ముక్కలై ఆమె జుట్టులో పడుతుంది. పరుపులోంచి దూది లేస్తుంది. ఆమె బోర్లా పడి వెనక్కి పాకుతుంది. దూకాలి! కానీ ఒక పక్క లోయ... ఇంకో పక్క బండరాయి...

వెనక తలుపు కింద ఎర్రరంగు పిడి. ట్రెయిలర్‌కి గాలి పంపే పైపుది. యార్డులో దాని మీద చెయ్యి వేస్తే బావ గబుక్కున లాగేశాడు. 'అది తిప్పితే ఉన్న గాలంతా పోతుందే, చక్రాలు బిగుసుకుపోతాయి!'

తలుపు మీంచి సగం కిందికి వేలాడుతుంది. వేళ్లు అందడం లేదు. ఇంకొంచెం... ఇంకొంచెం...

అందింది!

బుస్‌స్‌స్...!

ట్రక్కు గజగజ వణుకుతుంది. చక్రాలు రోడ్డుని గీరుకుంటూ కీచుమంటాయి. ఆగిపోతుంది. ఆ ఊపుకి ఆమె రోడ్డు మీద పడుతుంది. మోచెయ్యి భగ్గుమంటుంది. దొర్లుకుంటూ ట్రక్కు కిందికి పోతుంది.

కేబిన్ తలుపు చప్పుడు.

బూట్లు.

ఒక్కో చక్రం దగ్గరా ఆగుతున్నాయి...

"బయటికి రా పిల్లా. నిన్నేం చెయ్యనులే."

ఆమె ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. బూట్లు ఆగాయి. ఒక మోకాలు వంగింది. పిస్తోలు గొట్టం కిందికి దిగుతోంది...

సైరన్!

టోపీవాడు లేచి తిరుగుతాడు. ధన్! వాడు తొడ పట్టుకుని కూలిపోతాడు.

"ఏమే! ఎక్కడున్నావే!" పోలీసు జీపులోంచి దూకిన భర్త రోడ్డు మీద బోర్లా పడుకుని ట్రక్కు కిందికి చేతులు చాస్తాడు. బంకు ఓనర్‌ని అడిగి అతని బైకు తీసుకుని చెక్‌పోస్ట్‌కి వెళ్లి, 'అది మిలిటరీది కాదు సార్, నాది!' అని అరిచి వాళ్లని వెంటబెట్టుకొచ్చాడు.

ఆమె అతని చొక్కా వదలదు.

"డాక్టరమ్మ ఎక్కడ్రా?" ఇన్‌స్పెక్టర్ గద్దిస్తాడు.

టోపీవాడు పళ్లు బిగించి నవ్వుతాడు. వాడి జేబులో ఫోన్ మోగుతుంది!

ఇన్‌స్పెక్టర్ బిగుసుకుపోతాడు. ఎత్తితే గొంతు పట్టేస్తారు. ఎత్తకపోతే డాక్టరమ్మని చంపేస్తారు.

ఆమె ఫోన్ లాక్కుంటుంది. భర్తకి కళ్లతో ట్రక్కు చూపిస్తుంది. అతను కేబిన్‌లోకి ఎగిరి బటన్ నొక్కుతాడు. ఇంజిన్ రొద. కానిస్టేబుల్ టోపీవాడి నోరు నొక్కేస్తాడు.

"హలో..." ఆమెకి ఏడుపు నటించాల్సిన పని లేదు. అదే తన్నుకొస్తోంది. "నన్ను చంపొద్దని చెప్పండి..."

"నువ్వెవతివే? మావాడేడీ?"

"డ్రైవింగ్‌లో ఉన్నాడు... ఫోన్ నన్నే ఎత్తమన్నాడు... దారి మళ్లీ చెప్పమంటున్నాడు..."



"ఆ దున్నపోతుకి ఎన్నిసార్లు చెప్పాలి! పాత సిమెంట్ ఫ్యాక్టరీ, వెనక గేటు. రేపు తెల్లారేలోపు!"

ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగిపోతుంది. చిక్కారు!

"ఒసేయ్ పిల్లా..." గొంతు ఒక్కసారిగా మెత్తబడుతుంది. "నువ్వు ముందు సీట్లో కూర్చో. గేటు ముందు బండి ఆగగానే ఇదే గొంతుతో నన్ను పిలువు. ఆ గొంతు వినపడలేదో... లోపల డాక్టరమ్మ ప్రాణాలతో ఉండదు."

ఫోన్ కట్!



"కుదరదు," భర్త అడ్డొస్తాడు. "సార్, ఇది రాదు. ఇంకెవరినైనా..."

"నా గొంతు ఇంకెవరికి ఉంటుంది బావా?"

ఆమె వంగి, రోడ్డు మీద పడి ఉన్న నల్ల టోపీ తీసి దుమ్ము దులుపుతుంది. భర్త తల మీద పెడుతుంది.

"రేపు చీకటి ఉండగానే బయల్దేరుతున్నాం. నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటా."