తెరుచుకోని టేపు

"ఈసారి నీకు రివాల్వర్ అక్కర్లేదు," అన్నారు చీఫ్.

ఏజెంట్ ఉమామహేశ్వరం తన చెవులను తానే నమ్మలేకపోయాడు. కదిలే రైళ్ళ మీంచి దూకినవాడు, మైక్రోఫిల్మును నాలుక కింద దాచి సరిహద్దులు దాటించినవాడు! అంతటి వాణ్ణి కాకినాడ పిలిపించి చీఫ్ అప్పగించిన పని ఏమిటయ్యా అంటే, ఒక కంప్యూటరుకు ఏ బ్యాకప్ మేలో తేల్చి చెప్పడం. 1987లో మన దేశంలో గూఢచారికి ఇంతకంటే అవమానం ఇంకోటి లేదు.

"యానాంలో రొయ్యపిల్లల కంపెనీ బోర్డు వెనక మన స్టేషనుంది. సముద్రంలో తిరిగే మన ఇన్‌ఫార్మర్ల పడవలకు రోజూ పొద్దున్నే అక్కడి కంప్యూటర్ ఒక్కో కోడ్ మాట ఎంచి, సీలు కవర్లో ఇస్తుంది. పడవ ఆ మాట చెబితే, మన పహరా ఓడ స్టేషనును అడిగి సరిచూసుకుంటుంది. ఏ పడవకు ఏ మాటో ఆ కంప్యూటర్లోని డేటాబేస్‌కు తప్ప నాక్కూడా తెలీదు. ఒక విదేశీ ముఠా దాన్ని తుడిచేయాలని చూస్తోంది. తుడిచినా మనం తిరిగి తెచ్చుకోగలగాలి. కాపీ తీయడానికి మన ఆపరేటర్ రాసిన కమాండ్ల స్క్రిప్టులు సరిపోతాయా, డేటాబేస్ కోసమే తయారైన బ్యాకప్ ప్రోగ్రామ్ కొనాలా?"

"దానికి నేనెందుకు సర్?"

"అమ్మజూపుతున్నది ఫిలోమినా."

ఉమామహేశ్వరం నిటారుగా కూర్చున్నాడు. యానాంలో పుట్టి, పాండిచ్చేరిలో చదివి, ఎవరి రహస్యం ఎవరికి అమ్ముతుందో తేలని డబుల్ ఏజెంట్ ఆమె.

మర్నాడు రొయ్యల మేత వ్యాపారి వేషంలో, అతికించిన మీసంతో యానాంలో బస్సు దిగాడు. పడవల కవర్లు అప్పటికే పంచేశారు. ఆపరేటర్ అమ్మిరాజు కంప్యూటర్ మీద పని చేసుకుంటూండగానే ఫిలోమినా నల్లకళ్ళద్దాలు తీయకుండా డెమో చూపించింది. ఆమె ప్రోగ్రామ్ డేటాబేస్‌లో పూర్తయిన పనులేవో, సగంలో ఉన్నవేవో కనుక్కుని టేపు మీదికి కాపీ తీసింది. తీసిన కాపీని మళ్ళీ చదివి సరిచూసుకుంది.

అమ్మిరాజు పెదవి విరిచాడు. "ఇదంతా ఎందుకండి? ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కాపీ కమాండుందండి. మజ్జాన్నానికల్లా నా స్క్రిప్టు దానంతటదే టేపు తీసేద్దండి. ఒక్కరోజూ తప్పలేదండి, ఆయ్!"

"ఆ టేపులోంచి ఎప్పుడైనా తిరిగి తెచ్చి చూశారాండీ?" అంది ఫిలోమినా.

"పోతే గదండీ తెచ్చుకోడానికి!"

ఉమామహేశ్వరానికి ఈ వాదన పట్టలేదు. శత్రువు చెయ్యి తగిలిన వస్తువును నమ్మకూడదని ట్రైనింగులో నూరిపోశారు, అంతే. బల్ల మీది ఆమె టేపు లాక్కుని, తన ఉంగరంలోని రహస్య అయస్కాంతం రుద్ది అక్కడికక్కడే చెరిపేశాడు.

"స్క్రిప్టులే చాలు."

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. అతను చాలా తెలివైన పని చేశాననుకున్నాడు.

మధ్యాహ్నం స్క్రిప్టు దాని టేపు అది తీసుకుంది. భోజనాల వేళ ఏసీ మెకానిక్‌నంటూ ఒకడు దూరాడు. ఉమామహేశ్వరం ఒక్క గుద్దుతో వాణ్ణి పడగొట్టాడు గానీ, అప్పటికే వాడు డిస్కంతా తుడిచేశాడు.

అంతలో వైర్‌లెస్ గరగరమంది. పహరా ఓడ నుంచి.

"రెండు పడవలు మావైపు వస్తున్నాయి. ఒకే రంగు, ఒకే నంబరు. ఒకటి తాటిముంజ అంటోంది, ఇంకొకటి మల్లెచెండు అంటోంది. ఏది మనది? ఓవర్."

ఒకదాంట్లో మన ఇన్‌ఫార్మర్ ఇన్నయ్య ఉన్నాడు. రెండోదాంట్లో ఓడను పేల్చడానికి ముఠా పెట్టిన బాంబుంది. ఇన్నయ్యను ఈ పనిలోకి దింపింది ఉమామహేశ్వరమే. "నేనున్నాను, నీకేం కాదు" అని అతని భార్య ఎదుటే చేతిలో చెయ్యేసి చెప్పాడు.

"కాస్త ఆగండి! ఓవర్."

"ఆగలేం. ఇంకా దగ్గరికొస్తే రెండింటినీ ముంచేస్తాం. ఓవర్."

అమ్మిరాజు తన టేపు ఎక్కించాడు. "ఫైళ్ళన్నీ వచ్చేసినియ్యండి!" అని అరిచాడు. తర్వాత ఇంకో కమాండు కొట్టి చూశాడు. "డేటాబేస్ తెరుచుకోట్లేదండి."

"మళ్ళీ చెయ్!"

"చేసేనండి. ఎన్నిసార్లు చేసినా ఇంతేనండి."

ఉమామహేశ్వరం దగ్గర విషం సూది దాచిన పెన్నుంది, కెమెరా దాచిన బొత్తాముంది, బూటు మడమలో కత్తుంది. వాటిలో ఒక్కటీ ఈ పెట్టెను తెరవలేదు. ఎవరినైనా కొట్టి చెప్పించుకుందామంటే, ఆ మాట తెలిసిన మనిషే లోకంలో లేడు. గదిలో చల్లగా ఉన్నా ఒళ్ళంతా చెమట. మీసం జిగురు కరిగి ఒక పక్క ఊడి వేలాడుతోంది. అతనికి ఏడుపొచ్చింది.

తలుపు తోసుకుని ఫిలోమినా వచ్చింది. అతను పెన్ను గురిపెట్టాడు.

"పొడిస్తే పొడవండి గానీ, ముందు ఈ టేపెక్కించండి. మీరు చెరిపింది ఖాళీ టేపండి, అసలుది ఇదేనండి. మీ ఉంగరం సంగతి మా ముఠాలో తెలియందెవరికి?"

అమ్మిరాజు టేపు అందుకున్నాడు. "నాది ఎందుకు తెరుచుకోలేదండీ?" అన్నాడు దీనంగా.

"డేటాబేస్ పనిలో ఉండగా మీ స్క్రిప్టు ఒక్కో ఫైలూ కాపీ తీసిందండి. పెళ్ళి బంతిలో జనం లేస్తా, కూర్చుంటా ఉండగా తలకాయలు లెక్కెట్టినట్టన్నమాట. లెక్క మొదలెట్టినప్పటి బంతి వేరు, ముగించినప్పటి బంతి వేరు."

టేపు తిరుగుతోంది. చూస్తూ కూర్చోవడం తప్ప ఉమామహేశ్వరం చేయగలిగిందేమీ లేదు.

"మంచి ప్రోగ్రామే ఎందుకు తెచ్చావ్?" అన్నాడు.

"ముఠాయే పంపిందండి. నేను తెచ్చానంటే చాలు, మీరు కొనరన్నారు. అచ్చంగా అలాగే చేసేరు."

ఉమామహేశ్వరం తల దించుకున్నాడు. "మరి తిరిగెందుకొచ్చావ్?"

ఆమె మొదటిసారి కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇన్నయ్య మా చర్చి వీధి మనిషండి. పడవలో ఆయనున్నాడని ఇందాకే తెలిసింది."

"తుపాకులు సిద్ధం. ఓవర్," అంది వైర్‌లెస్.

స్క్రీన్ మీద అక్షరాలు వెలిగాయి.

"తాటిముంజ! తాటిముంజే మనది!" గొంతు చించుకుని అరిచాడు ఉమామహేశ్వరం.

పెద్ద పేలుడు. ఆ తర్వాత గరగర తప్ప మాటలేదు. ఫిలోమినా సిలువ గుర్తు వేసుకుంది.

"మల్లెచెండు పేలిపోయింది. తాటిముంజ క్షేమం. ఓవర్."

ప్రోగ్రామ్ కొనమని చీఫ్‌కు కబురు పంపి, ఉమామహేశ్వరం సాయంత్రానికి రేవుకు పరిగెత్తాడు. ఇన్నయ్య బుట్ట దించి మండిపడ్డాడు.

"ఏటండీ ఇది? ఒక్క మాట చెప్పడానికి అంతసేపా? ఎండలో నిలబెట్టేసేరు, చేపలన్నీ మెత్తబడిపోయినియ్యి. మీ ఆఫీసులో పని తెలిసినోళ్ళే లేరేటండీ?"

ఉమామహేశ్వరం ఆ చేపలన్నీ తనే కొనేశాడు.