రెండు కంకణాల భోజనం

పదకొండో ధ్రువీకరణ పూర్తయ్యేసరికి వారిజ టీ చల్లారిపోయింది. ఆమె ఎదుట గాజుపలక మీద పన్నెండో పేరు వెలిగింది. ధృతి, పదహారేళ్లు, నూట ముప్పై ఒక్క కిలోలు. జఠర కుదింపు ఎల్లుండి. ధ్రువీకరణకు గడువు ఇవాళ నాలుగు గంటలు.

కుదింపులో జీర్ణాశయం నాలుగింట మూడు వంతులు పోతుంది. ఆ తర్వాత ఏడాదిపాటు చిన్న గిన్నెడు తిండిని నలభై నిమిషాలు నమిలి తినాలి. ఒంటరిగా తినే పిల్లలు గబగబా మింగి, వాంతులు చేసుకుని, కుట్లు తెంచుకుని తిరిగి వస్తున్నారని ఆసుపత్రిని నడిపే యంత్రం సమన్వయిని ఏనాడో లెక్క తేల్చింది. అందుకే ప్రతి పిల్లకూ ఒక పంక్తి తోడు ఉండాలి. ముందుగా ఇరవై ఒక్క రోజుల సాధన. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినాలి, ఒకరు ముగించేదాకా రెండోవారు లేవకూడదు. చేతి కంకణాలు నమలడాన్ని గీతలుగా రాసిపెడతాయి. ఆ గీతలు చూసి ఆకుపచ్చో ఎరుపో మీట నొక్కడం వారిజ ఉద్యోగం.

తోడు దొరకడమే గగనం. విశాఖలో వంటిల్లున్న ఇల్లు ఇప్పుడు లేదు. భోజన గూళ్లలోంచి ఎవరి షిఫ్టు వేళకి వాళ్ల పొట్లం దిగుతుంది. పదకొండేళ్లుగా వారిజ పొట్లం ఒంటిగంటా పదికి ఈ బల్ల మీదికే దిగుతోంది. తింటూ తింటూ ఆమె చెంచా మీద పడ్డ ఎండను పైకప్పు మీద ఆడించేది. వెలుగు చేపపిల్లలా ఈదుతుంటే భలే ముచ్చటగా ఉండేది. ఆ ముచ్చట చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

వారిజ ధృతి గీతలు తెరిచింది. తోడు పేరు సంహిత, ఒకే బడి. అరవై మూడు భోజనాలు, ఒక్కటీ తప్పలేదు. వారిజ వేలు ఆకుపచ్చ మీట దాకా వెళ్లి ఆగింది. మొదటి పూట మినహా రెండు గీతలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే క్షణంలో పొలమారింది.

వారిజ దిగి వెళ్లేసరికి కింద నిరీక్షణ గదిలో ఆ పిల్ల కుర్చీ వదిలేసి నేలమీద కూర్చుని ఉంది. కుర్చీ చేతులు ఒరుసుకుంటాయట.

"రెండో కంకణం కూడా నువ్వే పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగింది వారిజ.

ధృతి బుకాయించలేదు. చొక్కా చేతులు పైకి లాగి రెండు మణికట్లూ చూపించింది. మొదటి పూట సంహిత నిజంగానే వచ్చిందట. నలభై నిమిషాలూ గడియారం చూస్తూ గడిపి, లేస్తూ లేస్తూ తన కంకణం తీసి ఇచ్చేసిందట.

"ఇద్దరి తిండీ నువ్వే తినెయ్యి, నీకది అలవాటేగా అంది మేడమ్. నవ్వింది. నేనూ నవ్వేశాను."

వాళ్ల నాన్న సముద్రంలో గాలిమరల దగ్గర పనిచేస్తాడు, మూడు నెలలకోసారి ఒడ్డుకొస్తాడు. అమ్మ డ్యూటీకి వెళ్లేవేళకి ధృతి బడినుంచి వస్తుంది. ఇంకెవరినీ అడగలేదా అంటే పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఎవుర్ని అడగమంటారు? నాతో కూకుని తినడానికి ఎవురికి కాళీ ఉంటాది?"

రెండేళ్లు మందులు వాడారు, నడిపించారు, పథ్యం పెట్టారు. బరువు కొంత దిగి, మళ్లీ ఎక్కింది. ఇక కుదింపే మేలని డాక్టర్లు చెప్పారు, ఇంట్లో ఒప్పుకున్నారు. ఈ వంతు పోతే మళ్లీ పద్నాలుగు నెలలు ఆగాలి.

"సన్నబడిపోవాలని కాదు మేడమ్," అంది ధృతి. "నిద్దట్లో నాకు ఊపిరి ఆగిపోతాది. మూతికి గొట్టం తగిలించుకుని పడుకుంటాను. భయం లేకుండా ఒక్క రాత్రి పడుకోవాలనుంది, అంతే."

ఈ దొంగ గీతలకు ఆకుపచ్చ నొక్కితే ఆ పిల్ల కుదింపు తర్వాత ఒంటరిగా తిని కుట్లు తెంచుకుంటుంది. ఎరుపు నొక్కితే వంతు పోతుంది. పదకొండేళ్లలో వారిజ ఎరుపు చాలాసార్లు నొక్కింది. నొక్కి, టీ తాగింది.

ఆమె గోడమీది పలకలో సంహిత పేరు చెరిపి తన పేరు రాసింది.

పలక తెల్లగా ఉండిపోయింది. వారిజలాంటి పరిశీలకులు తోడు కాకూడదన్న నియమం లేదు, కావచ్చన్నదీ లేదు. అలా అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. కాసేపటికి సమన్వయిని ఆమె సాధన దినాలు సున్నా అని చూపింది. ఇవాళే మొదలు అని రాసి, వారిజ తన పొట్లాన్నీ పిల్ల పొట్లాన్నీ ఆ గది గూటికే దింపించింది. సాధన నడుస్తున్న పిల్ల వంతు తీసెయ్యకూడదన్నది సమన్వయిని పెట్టిన నియమమే. కుదింపు తేదీ ఇరవై ఒక్క రోజులు వాయిదా పడింది.

ఇద్దరూ నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ధృతి రెండో ముద్దకే మింగబోతే వారిజ తన దవడ మీద వేలు పెట్టి చూపింది. పిల్ల సిగ్గుపడి మళ్లీ నమలసాగింది.

పావుగంటకి పైనుంచి సమన్వయిని గొంతు వినిపించింది. పదమూడో పేరు వచ్చిందని, పరిశీలకురాలు బల్ల దగ్గరికి రావాలని చెప్పింది.

"రాలేను," అంది వారిజ. "ఈ పిల్ల ఇంకా తింటోంది."

ఆమెను లేపితే పంక్తి చెడుతుంది. లేపకపోతే పై అంతస్తులో పని నిలుస్తుంది. గోడమీది పలకలో పదమూడు, పద్నాలుగు, పదిహేను ఒకదాని కింద ఒకటి వచ్చి కదలకుండా ఉన్నాయి.

"వేచి ఉంటాను," అంది సమన్వయిని చివరికి. ఆ మాట అది అనడం వారిజ ఎప్పుడూ వినలేదు.

ధృతి నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగింది. "మేడమ్, మీకే కూర ఇష్టం?" అని అడిగింది.

వారిజ జవాబు కోసం తన పొట్లం తిప్పి చూసింది. పొట్లాల మీద అంకెలే గానీ పేర్లుండవు.

"చింతచిగురు పప్పు అనుకుంటాను," అంది. "రేపటికి సరిగ్గా గుర్తుచేసుకుని చెప్తాను."