వరహాలమ్మ గారి ఇంగ్లీషు

సోమవారం పొద్దున్న పదిన్నరకి విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వెలిగింది. సెమిస్టర్ పరీక్షలు పోస్ట్‌పోన్ అయ్యాయని దాని సారాంశం. మన కాలంలో అయితే ఈలలు వేసుకుంటూ క్యాంటీన్ మీద పడేవాళ్ళం. ఈ పిల్లలు ఏడ్చారు. ఒకరో ఇద్దరో కాదు, బోర్డు ముందు నిలబడ్డ నూట ఇరవై మందీ తలలు దించుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏడ్చారు. ప్రిన్సిపాల్ గారు హడలిపోయి ఆ నోటీసు తీయించేశారు.

ఎందుకేడ్చారంటే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు. "ఎస్తేరు అక్కకి అన్యాయం చేశాను మేడం" అంది ఒక అమ్మాయి. ఎస్తేరు ఎవరమ్మా అంటే, "నాకు తెలీదు. కానీ చాలా మంచిది" అని మళ్ళీ ఏడ్చింది.

ఈ గొడవ అర్థం కావాలంటే ముందు యంత్రం సంగతి తెలియాలి. దాని అసలు పేరు లెక్సిగ్రాఫ్ట్. ఆ పేరు దాని డబ్బా మీద తప్ప ఎక్కడా వినపడదు. జనం ఇంగ్లీషు నాట్లు అన్నారు, అదే స్థిరపడిపోయింది. తలకి మెత్తటి టోపీ లాంటిది పెడతారు, నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవాలి. అలా పదకొండు సార్లు. పన్నెండో రోజున ఏ ఇంగ్లీషు పేజీ ఇచ్చినా చదివి అర్థం చెప్పేస్తారు. ఊళ్ళో బడుల్లో ఇంగ్లీషు పీరియడ్లు ఎత్తేసి ఆరేళ్ళయింది.

నాకు మాత్రం ఈ నాట్ల మీద ముందునుంచీ కొంచెం కోపమే. స్పెల్లింగులు పాటలా అరిచి, అరచేతి మీద బ్లూ ఇంకుతో రాసుకుని, చెమటకి సగం చెరిగిపోతే మిగతా సగం ఊహించుకున్న తరం మనది. కాంప్రహెన్షన్ పాసేజీ అంటే, ప్రశ్నలో మాట పాసేజీలో ఎక్కడుందో వెతికి, ఆ లైను ఉన్నదున్నట్టు దింపేసేవాళ్ళం. అర్థం దేవుడెరుగు, మార్కులు పడేవి. ఆ దొంగతనంలో కూడా ఎంత కష్టం ఉండేదో ఇప్పటి పిల్లలకి ఏం తెలుసు.

యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ నిరంజని. మొదట్లో ఆవిడ ఉత్త పదాలనే మెదడులోకి ఎక్కించింది. మూడు రోజులకే రాలిపోయాయి. అప్పుడు తెలిసింది ఆవిడకి, పదం ఒంటరిగా బతకదని. ఎక్కడ నేర్చుకున్నామో ఆ చోటు, ఆ పూట వాసన, పక్కన కూర్చున్న మనిషి, ఇవన్నీ దాని వేరు చుట్టూ ఉన్న మట్టి. మట్టి దులిపేసి పాతిన మొక్క ఎండిపోతుంది. అంచేత పదంతో పాటు మట్టినీ తవ్వి తేవాలి, అది ఎవరో ఒకరి జ్ఞాపకం లోంచే రావాలి. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులోనే పెరిగినవాళ్ళు దీనికి పనికిరారు. ఏ మాట ఎక్కడ నేర్చుకున్నారో వాళ్ళకే తెలీదు. పెద్దయ్యాక, పట్టుబట్టి, ఒక్కో మాటా ఏరుకున్నవాళ్ళు కావాలి.

అలాంటివాళ్ళని ఎనిమిది వందల మందిని పరీక్షించి ఆవిడ ఒకరిని ఎంచుకుంది. ఆవిడే వరహాలమ్మ గారు. రిటైరైన స్టాఫ్ నర్సు, వయసు డెబ్బై రెండు. నాలుగు వేల మూడు వందల ఇంగ్లీషు మాటలు, ఏది ఎప్పుడు ఎక్కడ నేర్చుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పారు. ఇప్పటికి లక్షా ఎనభై వేల మంది తలల్లో ఉన్నది వరహాలమ్మ గారి ఇంగ్లీషే. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే ఫినాయిల్ వాసన వస్తుందని పిల్లలు అనుకుంటూ ఉంటే, అది పుస్తకం గుణం కాబోలు అనుకున్నారు అందరూ.

కాలేజీ సంగతి తెలిసిన మర్నాడే నిరంజని వరహాలమ్మ గారింటికి వెళ్ళింది.

"అమ్మా, పోస్ట్‌పోన్ అనే మాట ఇంట్లో చదివి నేర్చుకున్నానని అప్పుడు చెప్పారు. ఆ సంగతి పూర్తిగా చెప్తారా?"

వరహాలమ్మ గారు చిక్కుడుకాయలు వలుస్తున్నారు. చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు? ఎవరేమన్నారు?" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

నిరంజని జరిగింది చెప్పింది. పిల్లలు ఎస్తేరు పేరు తలుచుకుంటున్నారని కూడా చెప్పింది. ఆ పేరు వినగానే పెద్దావిడ చాట పక్కన పెట్టేశారు.

"నలభై నాలుగేళ్ళయింది డాక్టరమ్మా, ఆ పేరు నా నోటితో అని" అని మొదలుపెట్టారు.

అప్పుడు వరహాలమ్మ ఒక ఆసుపత్రిలో వార్డు ఆయా. ఎస్తేరూ ఆయానే, మూడేళ్ళు పెద్దది. నర్సు ట్రైనింగుకి ఆయాల్లోంచి ఒక్కరిని పంపుతామన్నారు, కానీ ఇంగ్లీషు పరీక్ష రాయాలి. మధ్యాహ్నం రోగులు నిద్రపోయే వేళ ఇద్దరూ బట్టల గదిలో కూర్చుని కట్టు గుడ్డలు మడతపెట్టేవాళ్ళు. ఒక మడతకి ఒక స్పెల్లింగు. తప్పితే గుడ్డ విప్పి మళ్ళీ మడవాలి. ఎస్తేరు పెట్టిన రూలు అది. చదవడానికి పుస్తకాలెక్కడివి? మందు పెట్టెల్లో మడిచి పెట్టే సన్నక్షరాల కాగితాలే వాళ్ళ పాసేజీలు. ఎస్తేరు కాగితం చదివి ప్రశ్నలు వేసేది: ఈ మందు ఎవరు వాడకూడదు? వాడితే ఏమవుతుంది? "లైను దింపితే చెల్లదు వరాలూ. కాగితం మూసెయ్. నీ మాటల్లో చెప్పు" అనేది. ఇద్దరికీ కలిపి ఒకటే పదాల పుస్తకం. ఒక రోజు ఎస్తేరింట్లో, ఒక రోజు వరహాలమ్మ ఇంట్లో.

"ఆ బట్టల గదిలో ఉన్నంత సుఖంగా నేను మళ్ళీ ఎక్కడా లేను. స్టాఫ్ నర్సునై ఏసీ గదిలో కూర్చున్నా లేను" అన్నారు వరహాలమ్మ గారు.

"మరి ఏమైంది?"

"పరీక్ష రేపనగా పుస్తకం నా దగ్గరుంది. ఆఖరి పేజీ ఇద్దరం చూడలేదు. సాయంత్రం ఎస్తేరు వచ్చి అడిగింది. బస్సులో పోయిందే అన్నాను. బియ్యం డ్రమ్ములో దాచాను డాక్టరమ్మా, బియ్యం కింద. అదేమందో తెలుసా? పోనీలే, నీకూ లేనట్టే కదా, ఇద్దరం సమానం అంది. అది వెళ్ళాక డ్రమ్ములోంచి తీసి చదివాను. పోస్ట్‌పోన్, రిలక్టెంట్, నైబర్. ఆ పేజీ మొత్తం."

ఆ పేజీ మాటలే పరీక్షలో వచ్చాయి. వరహాలమ్మకి సీటు వచ్చింది. ఎస్తేరు మూడు మార్కుల్లో పోగొట్టుకుంది, నెల తిరక్కుండా ఆసుపత్రి మానేసి ఎటో వెళ్ళిపోయింది. సారీ అనే ఒక్క మాట వరహాలమ్మ గారి గొంతులో అలాగే ఉండిపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ముసలితనం వచ్చేసింది.

నిరంజని మెల్లగా అంది. "ఎస్తేరు గారు ఉన్నారమ్మా. భీమిలిలో. పిల్లలే గుర్తుపట్టారట, బీచి రోడ్డులో ఆవిడ నడక చూసి. తలుచుకున్నకొద్దీ ఇంకా ఇంకా గుర్తొచ్చి, రెండు నెలలుగా ఆవిడింటికి వెళ్తున్నారట. ఆ మాటని యంత్రంలోంచి తీసేద్దామని అడగడానికి వచ్చాను నేను."

"తీసేద్దురు గాని. ముందు నన్ను అక్కడికి తీసుకెళ్ళండి" అన్నారు వరహాలమ్మ గారు. అప్పటికప్పుడు లేచి చీర మార్చుకున్నారు.

భీమిలిలో ఎస్తేరుది రెండు గదుల ఇల్లు. వరండాలో బల్ల వేసి ఉంది, దాని మీద నలుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. కుర్చీలో ఎస్తేరు. జుట్టు ముగ్గుబుట్టయింది, కళ్ళకి పొర కమ్మింది. ఒక్కో పిల్లా ముందుకొచ్చి చెయ్యి పట్టుకుని ఏడవడం, ఆవిడ తల నిమిరి, "నానేటీ అనుకోలేదమ్మా, క్షమించేశాను, ఎల్లిరా" అనడం. చేతిలో ఒక అరటిపండు పెట్టడం. అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టు, వరహాలమ్మ గారు దాచుకున్న సారీని ఊళ్ళో పిల్లలందరూ తలా కాస్తా ఖర్చుపెట్టేస్తున్నారు.

వరహాలమ్మ గారు తన వంతు వచ్చేదాకా బల్ల చివర కూర్చున్నారు. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చిన మనిషి, తీరా వంతు రాగానే పేరుతో మొదలుపెట్టారు.

"ఎస్తేరూ, నేను. వరహాలమ్మని."

"అలాగే అమ్మా" అంది ఎస్తేరు.

"పుస్తకం పోలేదే. నేనే దాచాను."

"బియ్యం డ్రమ్ములో. తెలుసమ్మా. ఏడొందల మంది చెప్పేరు."

"నేను నిజంగా వరహాలునే."

"ఆ మాటా ముగ్గురు నలుగురు అన్నారు. మొన్న నీ వయసు పంతులమ్మ ఒకావిడ వచ్చి, నేనే వరహాల్నని ఒట్టేసింది. పాపం, అంత గట్టిగా పట్టేసింది ఆవిడికి."

నిరంజని కలగజేసుకుంది. "అమ్మా, ఆ యంత్రం చేసింది నేను. అసలు వరహాలమ్మ గారు ఈవిడే. నేను సాక్ష్యం."

"యంత్రం నీదా? అయితే నీ మాట అసలు నమ్మను" అంది ఎస్తేరు.

వరహాలమ్మ గారు బట్టల గది చెప్పారు, మడతలు చెప్పారు, మందు కాగితాలు చెప్పారు. ప్రతిదానికీ ఎస్తేరు తల ఊపుతూనే ఉంది. ఏది చెప్పినా అదివరకే ఎవరో చెప్పిందే. తన గుట్టంతా తనే పంచిపెట్టేసుకున్నాక, తానెవరో చెప్పుకోవడానికి ఆవిడ దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. చివరికి చేతులు జోడించి, "సారీనే ఎస్తేరూ" అన్నారు.

ఎస్తేరు అలవాటు ప్రకారం అరటిపండు అందించింది. "క్షమించేశాను. ఎల్లిరా అమ్మా. ఒక్క మాట చెప్తాను, ఏటనుకోకు. నువ్వు వరాలు కాదని నాకెలా తెలుసో తెలుసా? వరాలు సారీ చెప్పదు. చచ్చినా చెప్పదు. దాని పొగరు నాకు తెల్దా."

వరహాలమ్మ గారి మొహం ఎర్రబడింది. అరటిపండు ఠపీమని బల్ల మీద పెట్టారు.

"ఏటే? చచ్చినా చెప్పనా? ఏటంత తెలుసే నీకు నా గురించి? ఎప్పుడూ ఇంతే నువ్వు, నీ నోట్లోంచి ఊడిపడిందే వేదం. మా పెళ్ళిలో పులుసు నీళ్ళలా ఉందని అందరి ముందూ అనలేదూ? మా అమ్మ మూడు రోజులు ఏడ్చింది. చిన్నదాన్నని నాకెప్పుడైనా ఎదురు మాట్లాడనిచ్చేవా? మూడు మార్కులు పోతే చెప్పాపెట్టకుండా ఊరే ఒదిలేసి పోయేవు. నానొచ్చి మీ ఇంటి తాళం ఎన్నిసార్లు చూసేనో తెలుసా? బతికున్నానని ఒక్క కబురు పెట్టేవా? పొగరు నాకా?"

పిల్లలు బెదిరి చూస్తున్నారు. ఈ పులుసు సంగతి, ఈ తాళం సంగతి వాళ్ళలో ఏ ఒక్కరికీ తెలీదు. ఏ ఇంగ్లీషు మాటా ఆ మట్టిలో మొలవలేదు కనక యంత్రం దాని జోలికే పోలేదు. నిరంజనికి ఆ సంగతి అప్పుడే వెలిగింది.

ఎస్తేరు చెయ్యి చాపింది. వరహాలమ్మ గారి మొహం మీద నుదురు, ముక్కు, చుబుకం అన్నీ తడిమి చూసింది.

"వరాలూ" అంది.

"ఆఁ" అన్నారు వరహాలమ్మ గారు, ఇంకా కోపంగానే.

"ఆ పిల్లల్ని క్షమించేశాను. ఆళ్ళేటి చేసేరు పాపం" అంటూ ఎస్తేరు బల్ల మీద పండు తడిమి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "నిన్ను మాత్రం ఇంకా లేదు. కూకో. మొదట్నించీ చెప్పు."

వరహాలమ్మ గారు కూర్చున్నారు.