రానీ... రానీ... హోల్డాన్!

"రానీ... రానీ... కొంచెం లెఫ్టు... హోల్డాన్!"

అరిచేశాక గానీ తను డ్రైవింగ్ స్కూల్లో లేనన్న సంగతి మాస్టారికి గుర్తు రాలేదు. చెల్లెలికి కాలేజీ చూపించడానికి వచ్చాడు పాపం. పదిమంది తల్లిదండ్రుల ముందు క్యాంపస్ గొప్పలు గలగలా చెబుతూ వెనక్కి నడుస్తున్న గైడు, ఫైనలియర్ అమ్మాయి, పూలకుండీకి జానెడు దూరంలో టక్కున ఆగింది.

"నేనేమన్నా లారీనా?" అంది కళ్లెర్రజేసి.

"లారీకైతే అద్దాలుంటాయండీ. మీకు అవీ లేవు."

అందరూ గొల్లుమన్నారు. ఆమెకీ నవ్వాగలేదు. ఆ నవ్వుకి మాస్టారి బ్రేకులు ఫెయిలయ్యాయి.

తర్వాతి శనివారం లైబ్రరీ సరిగ్గా చూడలేదంటూ చెల్లెల్ని లాక్కొచ్చాడు. ఆ పై శనివారం హాస్టల్ కుళాయిల్లో నీళ్లొస్తాయో రావో చూడాలన్నాడు. గైడు వెనక్కి నడుస్తూనే ఉంది, ఇతను కుండీలూ మెట్లూ తప్పిస్తూనే ఉన్నాడు.

"అన్నయ్యా, నిజం చెప్పు. కాలేజీ నాకా, నీకా?" అంది చెల్లెలు బస్సులో.

"నీకేనే తల్లీ! ఇక్కడే చేరిపో."

"నాక్కావలసిన కోర్సే ఇక్కడ లేదు. వేరే కాలేజీలో చేరతానని పొద్దున్నే నాన్నకి చెప్పేశా."

మాస్టారికి గుండె జారిపోయింది. ఇక ఏ వంకతో ఆ గేటు దాటాలి? పైగా వచ్చే శనివారంతో ఆమె గైడు డ్యూటీ కూడా ఆఖరు.

ఆ శనివారం గొడుగేసుకుని ఒక్కడే వెళ్లాడు. వానకి ఇంకెవరూ రాలేదు. గొడుగు కింద రిజిస్టరు పట్టుకుని ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"మీ చెల్లెలేదీ?"

"వేరే కాలేజీలో చేరుతోందండీ."

ఆమె మొహం చిన్నబోయింది. అది చూసి ఇతనికి ప్రాణం లేచొచ్చింది.

"మరి ఇవాళ ఎవరి కోసం వచ్చారు?"

"నా కోసమే. మీరంటే నాకిష్టమండీ!"

అనేసి, కంగారులో అలవాటుకొద్దీ కుడికాలితో లేని బ్రేకు గట్టిగా తొక్కాడు. బురదనీళ్లు ఎగిరి రిజిస్టరంతా తడిసింది.

ఆమె రిజిస్టరు దులుపుకుంది. "మూడు వారాలుగా వెనక్కి చూడకుండా నడుస్తున్నా. ఎవర్ని నమ్ముకుని అనుకున్నారు?" అంటూ మొదటిసారి ముందుకి అడుగేసింది.

"రానీ... రానీ..." అన్నాడు మాస్టారు.

గొడుగూ గొడుగూ తగిలాయి.

"హోల్డాన్ అనరేంటండీ?"

"ఈసారి అనను."