ఎక్కడికని అడగని గడప

గడప కేంద్రంలో మూడో తెర మీద మామ్మ ఇంటి గడప మళ్ళీ ఎరుపయింది. తలుపు దగ్గర మనవడు చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు. గడప అతనికి ప్రశ్న వెయ్యలేదు. వెయ్యడానికి దానికి గొంతు లేదు. ఇంట్లో ఒకరు గొంతు ఇస్తేనే గడప అడుగుతుంది. అడిగితేనే తలుపు తెరుచుకుంటుంది.

నూకరత్నం మైకు దగ్గరికి లాక్కుంది.

"మామ్మా, గడప కేంద్రం నుంచి నూకరత్నాన్ని. నిన్న కూడా చెప్పాను. మూడే మాటలు. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు. ఒక్కసారి నీ గొంతుతో పలికితే చాలు."

"బయల్దేరినోణ్ణి ఎక్కడికని అడుగుతారేటే? మీ అమ్మ నీకు నేర్పలేదా?"

"అడిగితేనే వాడు మళ్ళీ నీలిచుక్క మత్తు జోలికి పోడు మామ్మా."

"అడక్కపోతే మీ తలుపు తియ్యదాయె. ఆడు చెప్పులేసుకుంటాడు, ఇప్పేత్తాడు. మళ్ళీ ఏసుకుంటాడు. నడవకుండానే అరిగిపోతన్నాయి."

నూకరత్నం 'సహకార లోపం' మీట నొక్కింది. నిన్న నొక్కిందీ అదే. రేపూ అదే నొక్కాలి.

కేంద్రం హార్బరు గోడకు ఇవతల ఉంది. నీలిచుక్క మానినవాళ్ళున్న ప్రతి ఇంటికీ గడప బిగించారు. జవాబు చెప్పేవాడి గొంతూ నాడీ చూసి అది నిజమో కాదో గడప తేలుస్తుంది. ఆకుపచ్చయితే తలుపు తెరుచుకుంటుంది. తేలకపోతే నిర్ణయం కుటుంబానికి వెళుతుంది. కొత్త కుటుంబాలకు శిక్షణలో నూకరత్నం ఇంటినే చూపిస్తారు. ఆ ఇంట్లో ఆమె తమ్ముడు ఎల్లాజీ ఉన్నాడు. ఆ గడప ఒక్కసారి కూడా ఎరుపు కాలేదు.

కాకపోవడానికి కారణం నూకరత్నానికి తెలుసు. గడప బిగించాక ఎల్లాజీ బయటికి వెళ్ళలేదు. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

మణికట్టు మీద పలక మోగింది. ఇంటి గడప నుంచి కుటుంబ విన్నపం. ముందు ఆమెకు తన గొంతే వినిపించింది.

"ఎక్కడికి?"

నీలిచుక్క దుకాణం మెట్ల మీద పడి ఉన్న తమ్ముణ్ణి ఇంటికి తెచ్చిన రోజు ఇచ్చిన గొంతు అది. గొంతు గట్టిగా ఉందని బిగించినవాడు మెచ్చుకున్నాడు. ఆమె మళ్ళీ మార్చలేదు.

"షెడ్డుకి," అన్నాడు ఎల్లాజీ.

"ఎందుకు?"

"కొర్లయ్య మామ రమ్మన్నాడు. వల లాగే యంత్రాలు బాగుచెయ్యాలంట."

"ఎప్పుడొస్తావు?"

"పని ఎప్పుడైపోద్దో నాకెలా తెలుస్తాది?"

గడప తేల్చలేకపోయింది. పలక మీద మూడు మీటలు వెలిగాయి. ఆపు. మళ్ళీ అడుగు. కన్నుతో పంపు.

"అక్కా," అన్నాడు ఎల్లాజీ. "ఇప్పుడింటున్నది నువ్వా, తలుపా?"

"నేనేరా."

"ఎండ ముదిరిందని ఎండగంటలు కొట్టేలోగా షెడ్డు గేటు దాటాలి. లేపోతే మామ ఇంకోణ్ణి పెట్టేసుకుంటాడు."

"కన్నుతో పంపిస్తాను. పైన ఎగురుతూ నీ కూడా వస్తుంది."

"కన్నుతో వస్తే లోపలికి రానియ్యనన్నాడు. నెత్తి మీద అదుంటే నా చేతికి పానా ఎవడిస్తాడు?"

"ఆ దారిలోనే దుకాణం ఉంది."

"ఉంటాది. నేను దాటాలిగానీ అది లేచి ఎల్లిపోద్దా?"

"దాటలేకపోతే?"

"ఇంటికొచ్చి నీకు చెప్తాను."

"ఈ మాట ఎన్నిసార్లు చెప్పావురా?"

"శానాసార్లు. నీకైతే చెప్పగలను. దీనికి చెప్పలేను. ఇదలా అరుస్తుంటే ఇంకా ఆ మెట్ల మీదే పడున్నట్టుంటాది నాకు."

"అరవకపోతే ఏం చెయ్యాలి? హారతివ్వాలా? తిండి పెట్టాను, గొంతిచ్చాను, ఇక్కడ కూర్చుని ఊళ్ళో తలుపులన్నీ కాస్తున్నాను. ఇంకా ఏం చెయ్యాలో నువ్వే చెప్పు!"

తలుపు దగ్గర నుంచి ఎల్లాజీ కదల్లేదని గడప చూపించింది.

అతను మళ్ళీ దుకాణం మెట్లెక్కితే కొండ మీది ఆవాసానికి తీసుకుపోతారు. అక్కడివాళ్ళతో ఇంట్లోవాళ్ళు అద్దం అవతల నుంచే మాట్లాడాలి. నూకరత్నానికి ఈ కుర్చీ కూడా ఉండదు. ఆపు మీట నొక్కితే ఈ రెండూ జరగవు. గడప ఎరుపు కాదు. తమ్ముడు గోడకు చేరబడి కూర్చుంటాడు. రేపు శిక్షణలో మళ్ళీ ఆ ఇంటినే చూపిస్తారు.

ఆమె పలక మీద ఏ మీటా నొక్కలేదు. కేంద్రం తెర మీద తన ఇంటి గడప వివరాలు తెరిచి దాన్ని 'మరమ్మతు'లో పెట్టింది. మరమ్మతులో ఉన్న తలుపు మామూలు తలుపు. సొంత ఇంటి గడపను ముట్టుకోకూడదని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టింది.

"ఎల్లాజీ, తలుపు తోసి చూడు."

వీధి చప్పుడు వినిపించింది. ఎల్లాజీ అడుగు మాత్రం వినిపించలేదు.

"అడగవా?" అన్నాడు.

"టోపీ పెట్టుకో. నీళ్ళు పట్టుకెళ్ళు. రాత్రికి కవళ్ళ చేపల పులుసు పెడతాను."

"ఎల్లొస్తానక్కా."

"వెళ్ళిరా."

పర్యవేక్షకుడు పట్నాయక్ ఆమె కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. వార్డు పటం మీద ఆమె ఇల్లు రంగు లేకుండా ఉంది.

"మరమ్మతేంటండీ? మీ తమ్ముడు లోపలున్నాడా?"

"లేడు సార్."

"ఎక్కడికెళ్ళాడు?"

"షెడ్డుకన్నాడు."

"అక్కడికే వెళ్ళాడని రుజువు?"

"లేదు."

"ఎప్పుడొస్తాడు?"

"అడగలేదు సార్."

పట్నాయక్ పటాన్ని పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. రంగు రాలేదు. "మీ ఇంటిని చూసి ఎంతమంది గడప పెట్టించుకున్నారో తెలుసా?" అన్నాడు.

"వాడు ఇంట్లోంచి కదలడం లేదని వాళ్ళకి తెలీదు సార్. తెలిసీ నేను చెప్పలేదు."

"లేవండి. కుర్చీ ఖాళీ చెయ్యండి."

నూకరత్నం లేచింది. లేస్తూ మూడో తెర మీదికి చెయ్యి చాపి మామ్మ ఇంటి గడపను కూడా మరమ్మతులో పెట్టింది.

"ఏటే, తెరుచుకుందేటి?" అంది మామ్మ.

"తెరుచుకుంది మామ్మా. పంపించు."

"ఇంతెండలోనా? ఎండ దిగాక ఎల్తాడు. అందాకా మూసెయ్యకు."

పట్నాయక్ మరమ్మతు రద్దు చేసే మీట కోసం వెతుకుతున్నాడు. కిటికీ అవతల ఎండగంటలు కొట్టారు. ఎల్లాజీ గేటు దాటాడో లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు.