అతుకు తెగని నల్లపడుగు

అమావాస్య ఆదివారం... రాహుకాలం! తిరుత్తణి కొండ మీద కారుమేఘాలు కమ్ముకొని పట్టపగలే అంధకారం అలుముకుంది. పొదటూరుపేటలోని ఆ మేడ పెరట్లో గుడ్లగూబ కూసింది. గుంటమగ్గం ముందు కూర్చున్న శశికళ ఉలిక్కిపడి పెరటివైపు చూసింది.

ఆ ఇంటి మగవాళ్ళు మగ్గం ముట్టి మూడు తరాలైంది. తాత, తండ్రి, ఇప్పుడు శశికళ మామ ఆదికేశవులు... ఊరి అధ్యక్షుడి కుర్చీ ఆ గడప దాటిపోలేదు. అమెరికాలో తరతరాలుగా పదవులేలే కోటీశ్వరుల కుటుంబాల కథలు సభల్లో చెప్పి, తమదీ అలాంటి వంశమేనని మీసం దువ్వేవాడు ఆదికేశవులు. ఆ వైభవానికి మూలం మాత్రం ఈ పాత గదిలో మగ్గానికి సాగదీసిన నల్లదారాల పడుగు! కుర్చీ చేతులు మారినప్పుడల్లా పాత పడుగుకు కొత్త పడుగు అతకాలి. మొదటి పోగులో ఇంటి కోడలి వెంట్రుక కలపాలి. చివరి పోగు అతికేసరికి ఆ కోడలి ప్రాణం పోతుంది, కుర్చీ నిలుస్తుంది. అత్త వళ్ళియమ్మ అలాగే పోయింది. ఆమె కపాలం కుంకుమ పూతతో మగ్గం గుంటలోనే ఉంది.

రేపు శశికళ భర్త తణికైవేల్ నామినేషను. ఈరోజు ఆమె వంతు.

కపాలం ముందు కూర్చున్నాడు ఆరంబాక్కం నుంచి వచ్చిన మాంత్రికుడు వరదన్. రక్తారుణ నేత్రాలు... పడుగు మీదికి వేలాడే జటలు! పోగులు అతకడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. కూలికి పిలిస్తే గుట్టు రట్టవుతుంది. అందుకే నేతగాడి కూతురైన శశికళ చావును ఆమె చేతనే అతికిస్తున్నారు. పారిపోతే ఆమె పుట్టింటిని మగ్గాలతో సహా తగలబెడతానని మామ ముందే చెప్పాడు. భర్త తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

“నీ ఎంటిక పెరికి మొదటి పోగులో కలుపు,” అన్నాడు వరదన్, కళ్ళు మూసుకుని మంత్రం అందుకుంటూ.

పోగు జారకుండా శశికళ వేళ్ళకు బూడిద అద్దుకుంది. అంతలో... కపాలం కళ్ళ గుంతల్లోంచి చల్లటి గాలి ఆమె ముఖాన కొట్టింది! నరనరాన ఏదో పాకింది. కనుగుడ్లు తేలిపోయాయి. చెవిలో అత్త గొంతు పలికింది.

“వానిది కలుపు, బిడ్డా.”

శశికళ వరదన్ జటలోంచి ఒక వెంట్రుక తెంపి మొదటి పోగులో మెలితిప్పింది. ఆపైన ఆ వేళ్ళు ఆమెవి కావు! పోగు వెంట పోగు... క్షణం ఆగకుండా అతుకుతూనే పోయాయి. ఒంట్లో సత్తువ ఉడిగిపోతుంటే వరదన్ కళ్ళు తెరిచాడు. పోగుతో ముడిపడ్డ తన జటను తడుముకున్నాడు.

“యాడ తప్పినాను?” అన్నాడు.

ఆమె చివరి పోగు మెలితిప్పింది.

ఫెళ్ళున పిడుగు పడింది! పడుగు పాములా లేచి వాడి కంఠానికి చుట్టుకుంది. కపాలం దవడలు విచ్చుకొని వాణ్ణి గుంటలోకి ఈడ్చాయి. చాలాసేపు గిలగిల్లాడాడు. శశికళ చూపు తిప్పుకోలేదు. ఆమెకు జాలి కలగలేదు, సంతోషం కలిగింది.

పిడుగు చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన ఆదికేశవులు కత్తెర తెచ్చి కోడలి కాళ్ళ మీద పడ్డాడు. ఆ పాడు పడుగును కోసి పారెయ్యమని వేడుకున్నాడు.

“ఎందుకు మామా? కుర్చీ నిలిచింది గదా. రేపు నామినేషను నేనేస్తా.”

కత్తెర అందుకుని, కొయ్యబారిన భర్త దగ్గరికి నడిచింది. అతని తల నిమిరి, ఒక వెంట్రుక కత్తిరించి, జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది.

“దాచిపెడ్తా. మల్లా అతికేదానికి కావాల గదా, బావా.”