దొరగారి ఛాతీ కొలత

ఉదయం ఏడు కాకముందే టైలరు మిషను ముందు కూర్చున్నాడు. వీధి వైపు గదే ఆయన కొట్టు. వంటింట్లోంచి అందులోకి రావాలంటే మూడు మెట్లెక్కాలి. ఆ మెట్ల మీద కాసేపటికి బరువైన అడుగులు వినిపించాయి. దొర వస్తున్నాడు. దొర అంటే మనిషి కాదు, వాళ్ళ కుక్క. ఎవరు పిలిచినా తొందరపడడు. మధ్యలో ఆగి, ఆయాసం తీర్చుకుని మరీ వస్తాడు. ఆ పేరు వాడికి అతికినట్టు సరిపోయిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు.

"దయచేయండి దొరవారూ!" అంటూ టైలరు వెన్న రాసిన బన్ను తుంచి పట్టుకున్నాడు.

కానీ మూడో మెట్టు మీద దొర వెనక కాళ్ళు మడతపడ్డాయి. ధబ్బుమని కిందికి జారి, పక్కకు ఒరిగిపోయి, నాలుక బయటపెట్టి రొప్పుతూ ఆయన కేసి చూశాడు. టైలరు చేతిలో బన్ను చేతిలోనే ఉండిపోయింది.

బస్సు డ్రైవరుగా పనిచేసే కూతురు డ్యూటీకి వెళ్తూ ఇటొచ్చి, యూనిఫాంలోనే వాణ్ణీ తండ్రినీ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తూకం చూస్తే ముప్ఫై ఎనిమిది కిలోలు. ఉండాల్సింది ఇరవై ఆరు. డాక్టరమ్మ టైలరు చెయ్యి పట్టుకుని దొర డొక్క మీద పెట్టింది. "పక్కటెముకలు తగులుతున్నాయా?"

లేదు. గుడ్డ మీద నుంచే మనిషి భుజం వంపు చెప్పగల వేళ్ళు అవి. ఎంత వెతికినా ఒక్క ఎముక దొరకలేదు. అప్పుడామె స్టెతస్కోపు ఆయన చెవులకు తగిలించింది. లోపల ఒకటే పరుగు. పడుకుని ఉన్న కుక్కలో అంత పరుగేమిటని ఆయన నివ్వెరపోయాడు.

"ఒక్క గుండె, ఒకటిన్నర కుక్కను మోస్తోంది. ఇంకా మీ కోసం తోక ఊపుతోంది చూడండి," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది.

"నేను కాసిని పాలు పోస్తున్నానంతే," అంది భార్య.

"నేను వచ్చేటప్పుడు రెండు బిస్కట్లు వేస్తున్నా. తప్పు నాదీ ఉంది," అంటూ కూతురు కొలతల పుస్తకం తెచ్చి తెరిచింది. కస్టమర్ల కొలతల మధ్య, నడకకని టైలరు కుట్టిన దొరగారి ఛాతీ పట్టీ కొలత కూడా ఉంది. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్ఫై, ముప్ఫై మూడు అంగుళాలు. "ఏడాదిలో మూడుసార్లు పట్టీ కుట్లు విప్పి వదులు చేశావు నాన్నా. ఎందుకు బిగుతవుతోందని ఒక్కసారైనా అనుకోలేదా?"

"ఒళ్ళు పెరిగితే కుట్టు వదలడమే కదే నా పని! ఎందుకు పెరిగారని కస్టమర్ని అడుగుతామా?"

"వాడు కస్టమరా? ఇంకోసారి బన్ను పెట్టావంటే నా క్వార్టర్సుకు తీసుకెళ్ళిపోతా. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆయన టేపు వేలికి చుట్టుకున్నాడు. "తీసుకెళ్ళక్కర్లేదు. బన్ను లేకపోతే వాడే నా దగ్గరికి రావడం మానేస్తాడు. పొద్దస్తమానం మిషనుతో మాట్లాడుకునేవాడి దగ్గరికి ఊరికే ఎవరొస్తారే?"

కూతురు పుస్తకం మూసేసింది. భార్య పైట చెంగుతో కళ్ళొత్తుకుంది.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. పెట్టేది భార్య ఒక్కతే. డాక్టరమ్మ ఇచ్చిన కప్పుతో కొలిచి, రెండు పూటలా కింద వంటింట్లోనే. మరీ మారాం చేస్తే ఒక క్యారెట్ ముక్క. ఉదయం సాయంత్రం పెరటి దారిన వీధి చివరిదాకా నెమ్మదిగా నడక. పట్టీ పట్టుకుని నడిపించేది టైలరే. మెట్లు మాత్రం వద్దన్నారు, కాళ్ళలో బలం వచ్చేదాకా. దొర మొదటి మెట్టు దగ్గర నిలబడి పైకి చూసేవాడు. తిండి కోసమే ఆ చూపులని టైలరు తల తిప్పుకునేవాడు.

రెండు నెలలు గడిచాయి. ఎనిమిదో వారం తూకంలో నాలుగు కిలోలు తగ్గాయి. ఇక మెట్లెక్కనివ్వచ్చంది డాక్టరమ్మ.

ఆ మర్నాడు కింద దొర గిన్నె ఖాళీ చేసిన చప్పుడు వినిపించింది. తర్వాత గోళ్ళ చప్పుడు. టైలరు కాళ్ళు పెడల్ మీద ఆగిపోయాయి. ఒక మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు దగ్గర దొర ఒక్క క్షణం ఆగి, ఒంట్లో ఉన్న బలమంతా వెనక కాళ్ళలోకి తెచ్చుకుని పైకొచ్చేశాడు.

టైలరు రెండు ఖాళీ చేతులూ చాచి చూపించాడు. "ఏమీ లేదురా అయ్యా. వెళ్ళు, అన్నీ కిందే ఉన్నాయి."

దొర ఆ చేతుల్ని ఒకసారి వాసన చూసి, నాకి, గుండ్రంగా తిరిగి ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. టైలరు వంగి వాడి డొక్క నిమిరాడు. వేళ్ళకు సన్నగా ఎముక తగిలింది, దాని కింద గుండె తాపీగా కొట్టుకుంటోంది. ఈ నోరులేని జీవం తన కోసం మూడు మెట్లెక్కిందన్న ఆశ్చర్యంలోంచి ఆయన తేరుకోలేకపోయాడు. కళ్ళు మసకబారాయి.

"ఏమేవ్!" అని కేకేశాడు. "వీడు ఊరికే వచ్చాడే! నా కోసమే వచ్చాడే!"

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "మరి ఇన్నాళ్ళూ ఎవరి కోసం వచ్చాడనుకున్నారండీ?"